మూడో రోజు కాఫీ

దర్విష్ పోయిన సంగతి సంజూర్‌కి మత్రా చేపల బజారులో తెలిసింది. అదీ వంజరం బేరమాడటానికి వచ్చిన ఎవడో ముక్కూమొహం తెలియనివాడి నోట. పోయి ఇవాళ్టికి మూడో రోజట. మావాలెలో కొడుకు ఫహ్మీ ఇంటి దగ్గర పరామర్శలు జరుగుతున్నాయట, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుతో ముగిసిపోతాయట. నలభై ఏళ్ళు ఒకే పడవలో ఒకే వలకు చెరో కొస పట్టిన స్నేహితుడి చావు కబురు చేపల బేరంలో కొసరుగా దొరికేసరికి సంజూర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న చేపను బల్లమీద పడేసి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా రోడ్డుమీదికి వచ్చాడు.

తమ జాలరి వాడ సిదాబ్‌లో ఎవరైనా పోతే మసీదు పక్కనున్న సబ్లా తలుపులు తీస్తారు. వాడలో మగవాళ్ళంతా ఆ గదిలో చాపలమీద కూర్చుంటారు. కొడుకులు గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుంటారు. మూడు రోజులూ ఇంటింటి నుంచీ అన్నం వస్తుంది. సిదాబ్‌లో పుట్టి, సిదాబ్ ఒడ్డునే నడుం వంగిపోయిన దర్విష్‌కి ఆ తలుపు తెరుచుకోలేదు. అది తెరిపించందే ఇంటికి రానని భార్యకు ఫోనులో చెప్పి, సంజూర్ తన మేనల్లుడు ఇద్రీస్ టాక్సీ ఎక్కాడు.

దారి పొడుగునా తిట్లే. రూవీలో బండ్లు ఆగిపోతే, మనుషుల కంటే బోర్డులే ఎక్కువున్న ఊరని రూవీని తిట్టాడు. ఖురుంలో గడ్డికి నీళ్ళు చిమ్ముతుంటే, చిన్నప్పుడు తన తల్లి బావి నుంచి మోసిన బిందెలన్నీ గుర్తొచ్చి ఖురుంని తిట్టాడు. అల్ ఖువైర్‌లో ఏ మేడ చూసినా ఇస్త్రీ చేసిన పొడుగు దిష్దాషా అంగీ వేసుకుని నిలబడ్డట్టే ఉందన్నాడు. ఘుబ్రా దగ్గర ఇద్రీస్ ఒడ్డు రోడ్డు పట్టాడు. ఇసుకమీద పడవలు కనబడితే అక్కడ మాత్రం సంజూర్ తిట్లు ఆపి వాటినే చూశాడు.

అసలు మంట కొడుకు మీద. ఏడు నెలల కిందట ఫహ్మీ కారేసుకొచ్చి తండ్రిని తీసుకుపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా నాన్న పడుకున్నాడనే జవాబు. పిలవని పేరంటానికి పోయేదేమిటని సంజూర్ కూడా బిగదీసుకుని కూర్చున్నాడు. ఆ బింకం ఇప్పుడు తనకే గుచ్చుకుంటోంది. దానికీ ఫహ్మీనే తిట్టాడు.

మావాలెలో మసీదు పక్కన హాలు, బయట వరసగా చెప్పులు. సంజూర్ దూసుకుపోయి, గుమ్మంలో ఉన్న పెద్దమనిషి చేతులు పట్టుకుని, ఎంత గాలిలోనైనా పోయినాయన చేతిలో తాడు జారడం తానెన్నడూ చూడలేదన్నాడు. ఆ పెద్దమనిషి తెల్లమొహం వేశాడు. అయినా కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోయించాడు. పిడిలేని చిట్టి గిన్నెతో రెండుసార్లు తాగి, మూడోసారి పోయబోతే, చాలని చెప్పే అలవాటు ప్రకారం గిన్నె అటూ ఇటూ ఊపి తిరిగిచ్చాక తెలిసింది, అక్కడ పోయినవాడు ఎవరో బడి హెడ్మాస్టరని.

"ఇది దక్షిణ మావాలె మామా. ఫహ్మీ ఉండేది ఉత్తర మావాలె, హైవే అవతల," అన్నాడు ఇద్రీస్, నవ్వు ఆపుకుంటూ.

"ఆ ఏడుపేదో ముందే ఏడవొచ్చుగా. ఇళ్ళన్నిటికీ ఒకే తెల్ల సున్నం కొడితే చావు ఏ ఇంట్లోనో ఎట్టా తెలుస్తుందిరా? మా వాడలో అయితే కళ్ళు మూసుకున్నా గుమ్మం తెలుస్తుంది."

హైవే దాటేసరికి పొద్దు వాలుతోంది. అసలు హాలు చల్లగా, పెద్దగా ఉంది. గుమ్మంలో నిలబడ్డ ఫహ్మీని దాటుకుని సంజూర్ లోపలికి పోయి కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాయన దువా చేసి, పోయినాయన పెద్ద వ్యాపారి అట కదా, సముద్రపు సరుకులట అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అనుకుని ఊరుకుందామన్నా సంజూర్ వల్ల కాలేదు. కాఫీ వచ్చింది. గిన్నె అందుకుని, పెదవికి తాకించకుండా ముందున్న తివాచీమీద పెట్టాడు.

హాల్లో మాటలు ఆగిపోయాయి. వచ్చినవాడు కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడు. అడిగింది ఇవ్వకుండా పంపిస్తే ఆ ఇంటికి పరువుండదు. ఫహ్మీ గుమ్మం వదిలి వచ్చి ఎదురుగా మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"ఏం కావాలో చెప్పు బాబాయ్. కాఫీ తాగు."

"రేపు అసర్ నమాజు తర్వాత సిదాబ్ సబ్లా తలుపు నువ్వు తియ్యాలి. గుమ్మంలో నువ్వు నిలబడాలి. మూడు రోజులు."

"ఇవాళ్టితో మూడూ అయిపోయాయి బాబాయ్."

"నీకు అయిపోయినయ్. సిదాబ్‌కి ఇంకా మొదలే కాలా."

ఫహ్మీ తల వంచుకుని గొంతు తగ్గించాడు. "చెప్పొద్దన్నది నాన్నే. పక్షవాతం వచ్చాక మంచంలోనే అన్నీ. సంజూర్ నన్నిట్టా చూడకూడదు, తాడు లాగేవాడిలాగే వాడికి గుర్తుండాలి అని ఒట్టేయించుకున్నాడు. పోయాక నీకు మొహం చూపించలేకపోయాను."

సంజూర్ గొంతు మాత్రం తగ్గలేదు. హాలంతటికీ వినబడింది.

"వాడన్నాడా ఆ మాట? విషజ్వరంతో నేను పడవలో పడుంటే నా మొలబట్ట ఉతికినోడు వాడు. నాలుగు రోజులు ఉతికాడు. వాడి బట్ట ఉతకడానికి నేను పనికిరాకపోయానా? పెద్ద మొగోడు. సిగ్గు వాడికుందిగాని నాకు లేదనుకున్నాడు." ఊపిరి తీసుకుని ఫహ్మీ వైపు వేలు చూపించాడు. "వాడి సిగ్గు వాడిష్టం. మరి వ్యాపారి ఎవడ్రా? అది కూడా మీ నాన్నే చెప్పమన్నాడా?"

ఫహ్మీ లేచి అందరివైపు తిరిగాడు. తన తండ్రి వ్యాపారి కాదనీ, సిదాబ్‌లో చేపలు పట్టేవాడనీ, ఈయన ఆయన పడవలో మనిషనీ చెప్పాడు. రేపు అసర్ నుంచి మూడు రోజులు పరామర్శలు సిదాబ్ సబ్లాలో జరుగుతాయన్నాడు. అప్పుడు మళ్ళీ కూర్చుని, గిన్నె తీసి రెండు చేతులా అందించాడు.

"అడిగింది ఇచ్చాను. ఇక తాగు బాబాయ్."

కాఫీ చల్లారిపోయింది. సంజూర్ ఒక్క గుక్కలో మింగాడు. పొద్దుటి నుంచీ తిట్టడానికి ఒకడు ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. దర్విష్ లేడన్న మాట అప్పుడు తగిలింది.

కాఫీ పోసేవాడు కూజా పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇంకొంచెం పొయ్యమని సంజూర్ గిన్నె చాచాడు. చెయ్యి వణికి గిన్నె అటూ ఇటూ ఊగింది. చాలన్నాడనుకుని అతను గిన్నె తీసుకుని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.