లేని చావు, ఉన్న చావు

ఉయ్యాలని కారు మీదికి ఎక్కించేలోపే మా ఆవిడ ముకద్దస్ నాతో మూడుసార్లు పోట్లాడింది. తలకిందులుగా పెట్టానని ఒకసారి, తాడు బిగించి రంగు గీకేశానని ఇంకోసారి. మూడోసారి ఎందుకో ఆమెకే తెలియదు, నోరు ఊరుకోక. ఆరేళ్ళుగా అటక మీద పాత దుప్పటి చుట్టి దాచిన ఉయ్యాల అది. మా అమ్మాయి బర్నోకి తొలి కాన్పు అయినప్పుడు మా ఊరు ఓష్ బజారులో దగ్గరుండి చేయించాను. ఎర్ర రంగు మీద పసుపు పూలు. ఆ కాన్పులో పుట్టిన షహ్లాకి ఇప్పుడు ఆరేళ్ళు నిండాయి. ఈ నెలలోనే బడిలో వేశారు.

బడికెళ్ళే పిల్లకి ఉయ్యాలేమిటే, జనం నవ్వుతారు అంటే ముకద్దస్ వినలేదు. నవ్వేవాళ్ళని నవ్వనీ, నా కూతురు పుట్టింటి ఉయ్యాల లేకుండా పిల్లని పెంచిందన్న మాట మిగలకూడదు అంది. ఖాళీ ఉయ్యాల ఊగకూడదని అందులో నేను తెల్లవారుజామున కాల్చిన రొట్టెలు ముప్ఫై పేర్చి, పైన ఒక బొమ్మని పడుకోబెట్టింది.

మా వాళ్ళలో తొలి బిడ్డకి ఉయ్యాల అమ్మమ్మ పట్టుకెళ్ళాలి. గడప దగ్గర వియ్యపురాలు దాన్ని అందుకుని లోపలికి తీసుకెళ్ళాలి. ఆవిడ అందుకోకపోతే వచ్చిన దారినే వెనక్కి తెచ్చుకోవడమే. అలా వెనక్కొచ్చిన ఉయ్యాలల గురించి వినడమే గానీ నేను చూడలేదు. ఆ రోజు నా భయమంతా అదే. వియ్యపురాలు రబియాకి నా మీద కోపం. అది న్యాయమైన కోపమే. ఆవిడని నేను ఒకసారి చంపాను.

బర్నోని అవతలి దేశంలో ఇచ్చాం, అందిజాన్ వెళ్ళే దారిలో ఒక పల్లె. దూరదేశం అనుకునేరు, మా పొయ్యిలోంచి తీసిన రొట్టె అక్కడికి చేరేసరికి ఇంకా వెచ్చగానే ఉంటుంది. అదీ సరిహద్దు గేటు తెరిచి ఉంటే. ఆ రోజుల్లో మూసేశారు. పైవాళ్ళకీ పైవాళ్ళకీ ఏదో పడలేదు, నలిగింది మేము. ఆ గేటుకి దోస్త్‌లిక్ అని పేరు, అంటే స్నేహం. మూసి ఉన్నన్నాళ్ళూ ఆ బోర్డు మాత్రం తీయలేదు. దగ్గరి బంధువుల పెళ్ళికో చావుకో టెలిగ్రాం వస్తే, అందులో పేరున్నవాళ్ళని మూడు రోజులకి వదిలేవారు. బర్నో పెళ్ళికి అలాగే వెళ్ళొచ్చాం. బిడ్డ పుట్టిందంటే మాత్రం వదిలేవారు కాదు. పుట్టడం వాళ్ళ లెక్కలోకి రాదు.

బర్నో కని, ఫోన్లో ఏడ్చింది. అత్తగారు ఏమీ అనలేదట గానీ ఇరుగుపొరుగు మీ పుట్టింటి ఉయ్యాల ఏదని అడుగుతున్నారట. అప్పుడు నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. అల్లుడు ఇల్హోమ్‌కి ఫోన్ చేసి, ఎవరో ఒకరు పోయారని టెలిగ్రాం ఇవ్వమన్నాను. ఎవరు పోయారని ఇవ్వను మామయ్యా అన్నాడు. దగ్గరివాళ్ళయితేనే వదులుతారు, మీ అమ్మ పేరు రాయి అన్నాను. ఎవరిని బతిమాలాడో, ఏం చేశాడో, రెండు రోజులకి టెలిగ్రాం వచ్చింది.

ముకద్దస్ ఉయ్యాల వద్దంది. ఒట్టి చేతుల్తో వెళ్దాం, ఏడుపుమొహం పెట్టుకుంటే చాలు, పిల్లని చూసొస్తాం కదా అంది. నేను వింటేనా. ఉయ్యాల కోసమే కదా వియ్యపురాలిని చంపింది, అది వదిలేసి వెళ్తే చంపి ఏం లాభం అని వాదించాను. గేటు దగ్గర అధికారి టెలిగ్రాం చదివాడు, నా వెనక ఉన్న ఉయ్యాల మీద దుప్పటి ఎత్తి చూశాడు. చావుకి ఉయ్యాల పట్టుకెళ్ళే మనిషిని నిన్నే చూశాను పెద్దాయనా అన్నాడు. వరసలో వాళ్ళంతా పగలబడి నవ్వారు. అందులో సగం మంది నా దగ్గర రొట్టెలు కొనేవాళ్ళే. నా పేరు ఒక పుస్తకంలో రాసుకుని, ఇకమీద నిజంగా ఎవరైనా పోయినా నిన్ను నమ్మను, వెనక్కి పో అన్నాడు.

అక్కడ రబియా ఇంట్లో సంగతి ఇంకా దారుణం. చావు కబురు ఎలా పొక్కిందో, ఊళ్ళో మగవాళ్ళు మా వాళ్ళ ఆచారం ప్రకారం నడుముకి గుడ్డ కట్టుకుని పలకరింపుకి వచ్చేశారు. తలుపు తీసింది రబియాయే. వచ్చినవాళ్ళని ఉత్తినే పంపడం ఎందుకని అందరినీ కూర్చోబెట్టి టీ పోసిందట. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆవిడ లైనులోకి రాలేదు.

ఇది రెండు ఊళ్ళవాళ్ళకీ తెలిసిన కథ, చెప్పుకుని నవ్వుకునే కథ. దీని వెనక ఇంకొకటి ఉంది. అది నాకొక్కడికే తెలుసు, ముకద్దస్‌కి కూడా తెలియదు.

మూడేళ్ళ కిందట మళ్ళీ టెలిగ్రాం వచ్చింది. ఈసారి నిజం. రబియా భర్త, మా వియ్యంకుడు హోషిమ్, పత్తి చేలో కూలబడి అక్కడే పోయాడు. మంచివాడు. పెళ్ళినాడు నా పక్కన కూర్చుని, మంచి మాంసం ముక్కలన్నీ ఏరి నా వైపు జరిపిన మనిషి. టెలిగ్రాంలో నా ఒక్కడి పేరే ఉంది. నడుముకి కట్టుకునే గుడ్డ ముకద్దస్ ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఏడు కొట్టకముందే బయలుదేరాను. గేటు కనబడే చోట ఒక టీకొట్టు ఉంది. వరస చూస్తే తెలిసిన మొహాలే. ఆ అధికారి పుస్తకం తీస్తాడు, ఈసారి ఎవర్ని చంపావు పెద్దాయనా అంటాడు, వీళ్ళంతా మళ్ళీ నవ్వుతారు. ఈ టీ తాగి వెళ్దాం అనుకున్నాను. అది అయ్యాక ఇంకొకటి చెప్పాను. అలా పొద్దు వాలేదాకా కూర్చుని, లేచి ఇంటికొచ్చాను.

ఆపేశారు అని చెప్పాను. ముకద్దస్ గేటునీ, దాన్ని కట్టినవాళ్ళనీ, వాళ్ళ ఏడు తరాలనీ తిట్టింది. అల్లుడు కూడా ఫోన్లో, పోనీండి మామయ్యా, మీరు మాత్రం ఏం చేస్తారు అన్నాడు. అందరూ నన్నే ఓదార్చారు. ఆ ఓదార్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

ఈ సెప్టెంబరులో గేటు తెరిచారు. పెద్దలు పెద్దలు కౌగిలించుకున్నారు, రెండు దేశాలూ అన్నదమ్ములన్నారు, మాకు అప్పుడే తెలిసినట్టు. మేము వెళ్ళేసరికి వరస చాంతాడంత ఉంది గానీ చకచకా కదులుతోంది. కారు ఇవతలే వదిలేసి, ఉయ్యాలని చెరొక కొనా పట్టుకుని నడిచాం. అవతలి కుర్ర అధికారి బొమ్మని లేపి, రొట్టెల వాసన చూసి, మనవడా మనవరాలా అని అడిగాడు. మనవరాలు, బడికెళ్తోంది అని ముకద్దస్ గొప్పగా చెప్పింది. అతను ఉయ్యాలనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, శుభం అని ముద్ర కొట్టేశాడు. అంతా కలిపి పావుగంట. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఇన్నేళ్ళూ నా ముందొక గోడ ఉండేది, ఏం జరిగినా దాని మీదికి తోసేసేవాణ్ణి. ఆ పావుగంటలో అది పోయింది.

రబియా ఇంటి ముందు నీళ్ళు చల్లి ఊడ్చి ఉంది. బర్నో పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టేసుకుంది. ఇద్దరిలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఊరుకోబెడుతున్నారో తెలియలేదు. షహ్లా తలుపు చాటునుంచి, ఫోన్లో బొమ్మలు నిజంగా వచ్చేశాయన్నట్టు మమ్మల్ని చూస్తోంది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

రబియా గడప మీద నిలబడి ఉంది. చేతులు కట్టుకునే ఉంది, ఉయ్యాల కోసం చాచలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడ పక్కన చేరారు.

"చచ్చినదాని ఇంటికి ఉయ్యాల తెచ్చారా అన్నయ్యగారూ?" అంది.

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. ఎత్తిపొడుపుతో పోయింది, ఇక పరవాలేదు అనుకున్నాను. రబియా నవ్వలేదు. నన్ను చంపినందుకు నాకేం బాధ లేదు అంది. ఆ రోజు టీ తాగినవాళ్ళు తన గురించి ఎన్ని మంచి మాటలు చెప్పారో, బతికుండగా అవి వినే యోగం ఎవరికి పడుతుంది అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"ఒక్కటి అడుగుతాను. లేని చావుకి ఉయ్యాలేసుకుని బయలుదేరారు. ఉన్న చావుకి రాలేదు. ఆయన్ని పొద్దున్నే తీసుకెళ్ళిపోవాల్సింది. మీరొస్తారని నేనే ఆపించాను, మధ్యాహ్నం నమాజు దాటేదాకా. పెద్దవాళ్ళంతా నన్ను తిట్టారు. గేటు దగ్గర మిమ్మల్ని ఆపారని ఇల్హోమ్ అన్నాడు. నిజమేనా?"

నాకన్నా ముందు ముకద్దస్ అందుకుంది. ఆపేశారు వదినా, ఆ రోజు ఈయన ఇంటికొచ్చిన తీరు నేను చూశాను, మనిషి మనిషిలా లేడు, రెండు రోజులు ముద్ద ముట్టలేదు అని చెప్పుకుపోతోంది. నేను ఊరుకుంటే చాలు. రబియా నమ్ముతుంది, ఉయ్యాల లోపలికి వెళ్తుంది, నా పక్కన నిలబడి నా కోసం ప్రమాణం చేస్తున్న ఈ మనిషి చచ్చేదాకా ఆ ప్రమాణం మోస్తుంది.

"ఆపలేదమ్మా," అన్నాను. "ఎవరూ ఆపలేదు. నేను గేటు దాకా వెళ్ళనేలేదు. టీకొట్లో కూర్చున్నాను. మళ్ళీ నవ్వుతారని."

ముకద్దస్ మాట మధ్యలో ఆగిపోయింది. నా వైపు తిరిగి చూసింది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి మాట దొరకకపోవడం అదే మొదటిసారి.

రబియా తలమీది గుడ్డ సర్దుకుంది.

"నేను ఇన్నాళ్ళూ గేటుని తిట్టుకున్నాను. దానికి మొహం ఉండదు కాబట్టి ఎంతైనా తిట్టొచ్చు," అంది. "ఇప్పుడు మిమ్మల్ని ఎదురుగా పెట్టుకుని ఏమని తిట్టను?"

రబియా నన్ను దాటి ముకద్దస్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాచింది. ఇలా ఇవ్వండి వదినా అంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఉయ్యాలని ఎత్తి గడప దాటించారు. నేను వెనకే కాలు వేయబోతే రబియా వెనక్కి తిరక్కుండానే ఆపింది. మీరు ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి, అక్కడ చెప్పాల్సింది చెప్పి రండి, తర్వాత టీ పోస్తాను అంది.

ఇల్హోమ్ నన్ను శ్మశానానికి తీసుకెళ్ళాడు. దారిలో అతను నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. తల్లిని చంపిన కొడుకని ఊరంతా అతన్ని ఏళ్ళ తరబడి వెక్కిరించింది, ఆ ఆలోచన నాదని అతను ఇంటి బయట ఎక్కడా నోరు జారలేదు. ఆ సంగతి అతనితో అన్నాను. ఇప్పుడెందుకు మామయ్యా అన్నాడు.

మట్టి దిబ్బ మీద ఎండుగడ్డి మొలిచి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చదివాను. హోషిమ్‌తో చెప్పాల్సింది చెప్పాను. లేచాక ఇల్హోమ్ నేల చూస్తూ అన్నాడు.

"అందరూ పార తీసుకుని మట్టి వేశాక, మీ వంతని కొంచెం వదిలిపెట్టాం మామయ్యా. చీకటి పడేదాకా చూసి, మీ పేరు చెప్పి నేనే వేశాను."

నేను కిందికి వంగి ఒక గుప్పెడు మట్టి తీసుకున్నాను. ఎక్కడ వేయాలో తెలియక అలాగే పట్టుకుని ఉంటే, అల్లుడు నా చెయ్యి పట్టుకుని దిబ్బ మీదికి తీసుకెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఇంట్లో గోల గోలగా ఉంది. షహ్లా ఉయ్యాలలో ఇరుక్కుని పడుకుంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముకద్దస్ ఊపుతుంటే కిలకిల నవ్వుతోంది. బర్నో నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. రబియా నాకు టీ పోసింది. కప్పు సగం నింపి ఇచ్చింది, మా వాళ్ళలో అది మర్యాద, ఇంకాసేపు కూర్చోమని. ఆ సగం కప్పు చూసి నాకు దుఃఖం వచ్చింది. ఆవిడ చూడనట్టు రొట్టె తుంచుతూ కూర్చుంది.

పొద్దు వాలుతుంటే బయలుదేరదామా అని ముకద్దస్‌ని అడిగాను. నువ్వెళ్ళు అంది.

"గేటు తెరిచే ఉందిగా. నాకు రావాలనిపించినప్పుడు వస్తాను. అందాకా టీకొట్లో కూర్చో."

ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను కూడా. అది న్యాయమే. షహ్లా మాత్రం వాకిలి దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఆలోచించి, నా చిటికెన వేలు పట్టుకుంది.

గేటు దగ్గర వరస పొద్దుటికన్నా పెద్దది. పత్తి ఏరి వచ్చేవాళ్ళు, మూటలతో చుట్టాలు, నా రొట్టెలు తినే మొహాలు నాలుగైదు. మా వైపు కొత్త అధికారి నా కాగితాలు చూసి, నా చేతులు చూశాడు. ఏమీ తేవడం లేదా అన్నాడు. లేదన్నాను. చుట్టాలింటికి వెళ్ళొస్తున్నారా అన్నాడు.

"చావుకి వెళ్ళాను," అన్నాను.

అతను టోపీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఎవరు పోయారని మెల్లగా అడిగాడు.

"మా వియ్యంకుడు."

"అయ్యో. ఎప్పుడు?"

"మూడేళ్ళయింది," అన్నాను, వెనకవాళ్ళకి కూడా వినబడేలా.

అతను నా మొహంలోకి చూశాడు. ముద్ర కొట్టి, కాగితాలు రెండు చేతుల్తో అందించాడు. నేను వెనక్కి తిరిగి వరస చూశాను. అందరూ విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.