ఎల్లప్ప కాలెముక

మా అత్త పోలేరమ్మని ఊళ్ళో అందురూ దేవతనే వాళ్ళు. నేనూ అనేదాన్ని, నా మొగుడి కాలు ఇరిగిందాకా. సెప్తా ఇను. మద్దెలో అడ్డం పడితే నాకు ఒళ్ళు మండతాది, ముందే సెప్తా ఉండా.

మాది పాకాల పక్కన పల్లె. యుద్ధం అయిపోయిన మరుసటేడు, వానలు మొకం సాటేసినాయి. మా మామ సచ్చిపోతా ఇద్దురు కొడుకులకీ కలిపి ఒగే బాయి ఇడిసిపోయినాడు. పెద్దోడు నా మొగుడు ఎల్లప్ప, సిన్నోడు మునెయ్య. ఒగ పొద్దు ఈయన కపిల తోలుకోవాల, ఒగ పొద్దు ఆయన. ఎద్దుల్ని వాలుబాటలో దిగదోలితే తోలుబాన నీళ్ళతో పైకొస్తాది, మళ్ళా ఎద్దుల్ని ఎనక్కి ఎక్కించాల. పొద్దంతా ఎద్దుల ఎంబడి దిగడం, ఎక్కడం. కాలు లేనోడు కపిల తోలలేడు. కపిల తోలకపోతే మాకు సంగటి లేదు.

ఆ పొద్దు వంతు మాది. పోయి సూస్తే మునెయ్య ఎద్దులు ఆడనే ఉండాయి. "రేయి ఊరిన నీళ్ళు నిన్నటి లెక్క, అవి నావి" అంటాడు. సూడు యవ్వారం! నా మొగుడు మాటల మనిషి కాదు. గమ్మున పోయి వాని ఎద్దుల కాడి ఇప్పేసినాడు. అంతే, మునెయ్య బాయికాడ బండలు పెరికే ఇనప గడారి రెండు సేతుల్తో ఎత్తి, సొంతన్న మోకాటి కింద ఏసినాడు. పచ్చి సెరుకు ఇరిసినట్టు సప్పుడు. ఈయన పడినాడు. లేద్దామని కాలు మోపితే ఎముక తోలు సించుకోని బయటికొచ్చేసింది. ఏలెడు ముక్క ఇడిపోయి బురదలో పడింది. రగతం కాలవ నీళ్ళలో కలిసి వంకాయ మడిలోకి పారింది. మునెయ్య ఇంకో దెబ్బకి గడారి ఎత్తినాడు. నేను వాని మొకం మింద ఉమిసి, సెయ్యి పట్టుకోని కొరికినా. పక్కసేను వాళ్ళు వచ్చి వాణ్ణి ఈడ్సుకపోయినారు గానీ, లేకపోతే ఆ పొద్దే తల పగిలుండును.

మా అత్త ఉరుక్కుంటా వచ్చింది. కొడుకు కాలు సూసి గుండెలు బాదుకోనింది, అబద్దమెందుకు. కానీ ఏడుస్తానే ఏం సేసిందో తెలుసునా? బురదలో ఉన్న ఎముక ముక్కని తీసి కొంగున కట్టుకోని, పోయి పెంటదిబ్బలో పూడ్సింది.

"ఏందత్తా అది, పాపం గదా!" అన్నా.

"పోలీసోళ్ళ కంట పడితే? నోరు మూసుకో" అనింది.

మొగుణ్ణి ఇంటికి మోసుకొచ్చి, ఇరిగిన ఎముకలకి కట్టు కట్టే గంగులప్పని పిలిపిస్తి. ఆయన సూసి రెండడుగులు ఎనక్కేసినాడు. "అమ్మా సుబ్బులూ, లోపల ఇరిగితే నేను కడతా. ఇది తోలు సినిగి, ఎముకకి మన్ను తగిలింది. దీన్ని మూసి కట్టితే కుళ్ళిపోతాది. ఇప్పుడే బండి కట్టు, పాకాల్లో రైలెక్కించి మిషనాసుపత్రికి తీసకపో" అన్నాడు.

నేను కాడి ఎత్తేలోపల మా అత్త వాకిట్లో కొడవలి పట్టుకోని నిలబడింది. ఆ కొడవలి తన పీక మిందే పెట్టుకోని ఉండాది.

"ఆసుపత్రోళ్ళు ఎవురు కొట్టినారని అడగతారు. ఆ ఎనకాలే పోలీసులు. నా సిన్నోడు జైలుకి పోతాడు. కడుపు సించుకుంటే కాళ్ళమింద పడతాదే. పెద్దమనుసులు కూర్సోని తెంపేదాకా బండి కదిలితే నా పీక కోసుకుంటా!"

మా పక్కల ఆచారమే అది. దెబ్బలు తగిలితే ముందు పంచాయితీ, ఎనక మందు. రాజీ కాకుండా గాయం ఊరు దాటకూడదు. పెద్దమనుసులు గూడా తలూపినారు. ఒగాయన తిరపతికి మొక్కు తీర్సేదానికి పోయుండాడంట, ఆయనొస్తే గానీ కూర్సోరంట. ఎద్దు పుండు కాకికి నొప్పా? మా అత్తే మినపపిండిలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, ఆ పచ్చి పుండు మింద మెత్తి, ఎదురుబొంగు సీల్చిన దబ్బలు పెట్టి బిగించి కట్టింది. నా మొగుడు మంచం నులక కొరికి కొరికి తెంపినాడు.

పొద్దులు పోయేకొద్దీ కాలు మానుమొద్దు మాదిరి ఊబరించింది. దబ్బల సందుల్లో సీము. ఈగలు తోలి తోలి నా సెయ్యి పడిపోయింది. వాసనకి మా కుక్క గూడా వాకిట్లోకి రాలే. మునెయ్య మాత్రం పొద్దు మార్సి పొద్దు కాకుండా, మా వంతు గూడా కలిపి కపిల తోలుకుంటా ఉండాడు. ఆఖరికి నా మొగుడు నన్ను సూసి "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు. అప్పుడు నాకు దెయ్యం పట్టింది. పోయి ఎద్దులు ఇప్పినా. మా అత్త మళ్ళా కొడవలి ఎత్తింది. పదునుండే వాదరే పట్టుకోని లాగినా. అరసెయ్యి తెగి రగతం కారతా ఉంటే ఆ సేత్తోనే ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టినా. కోడలు అత్తని కొట్టిందని ఊరంతా తిట్టినారు. తిట్టుకోనీ. బండి మటుకు కట్టినా.

ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మ కట్టు ఇప్పింది. నర్సమ్మలు ముక్కులు మూసుకోని పక్కకి తిరిగినారు. లోపల మిగిలిన ఎముక కొన బొగ్గు మాదిరి నల్లబడుండాది. వచ్చీరాని తెలుగులో డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు నేను బతికినన్నాళ్ళూ మరిసిపోలేను. "ఆ దినమే వస్తే కడుగుతాను. యుద్ధంలో సోల్జర్లకి ఇచ్చిన కొత్త సూదిమందు ఇస్తాను. కాలు పొట్టి అవుతుంది, అయినా అతని కాలు అతనికి ఉంటుంది. ఇప్పుడు చూడు, ఇక్కడికీ ఇక్కడికీ మధ్య ఎముకే లేదు. మిగిలింది చచ్చిపోయింది. దేని మీద నిలబడతాడు?" మోకాటి పైకి కోసేసినారు. కోసినదాన్ని బక్కెట్లో పెట్టి మా ముందర్నే తీసకపోయినారు.

పోలీసాయన మంచం కాడికి వచ్చి ఎవురు కొట్టినారని అడిగినాడు. నేను నోరు తెరిసేలోపల నా మొగుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"కపిల బాటలో జారి పడినా సార్" అన్నాడు.

ఆయన అట్ల పోయినాడో లేదో, నేను మంచం మింద పడి కొట్టుకున్నా. "ఏమయ్యా, కాలు పోయింది, నోరు గూడా పోయిందా?" అన్నా.

"అమ్మ పిచ్చిది సుబ్బులూ. ఇద్దురు కొడుకులూ ఇంట్లో ఉండాలని దాని ఆశ. నా బదులు వాడు పడుకోనున్నా ఇట్లనే సేసుండును. దానికి నేనొగటి, వాడొగటి కాదు" అన్నాడు. ఆ మాట పట్టుకోనే బతికినాడు ఆ మనిషి. ఆ మాట లేకపోతే ఆసుపత్రిలోనే సచ్చిపోయుండును. అందుకే నేనూ పోలీసుల కాడికి పోలా.

ఇంటికొచ్చినాక కపిల నేనే పట్టినా. ఆడది కపిల తోలతాదా అని నవ్వినారు. ఆడది సంగటి తినదా మరి? మా వంతు రోజు ఎద్దుల్ని దిగదోలతా ఉంటే మునెయ్య వచ్చినాడు.

"కుంటోడికి వంతెందుకు వదినా? సగం మనిషికి సగం బాయి ఎక్కువ" అని నవ్వుతా నా ఎద్దుల మోకు కోసేసినాడు. తోలుబాన దబీమని బాయిలో పడింది. ఎద్దులు బోర్లా పడినాయి, ఒగదాని మోకాళ్ళు సెక్కుకపోయినాయి.

గడారి యాడుండాదో నాకు తెలుసు. ఏసినా. మోకాటి కిందే ఏసినా, సూసి మరీ ఏసినా. అదే సప్పుడు. అట్లనే ఎముక బయటికొచ్చింది. వాడు "అమా!" అని అరిసినాడు.

ఆ అరుపుకి మా అత్త ఉరికిన ఉరుకు సూడాల! దిబ్బా లేదు, దబ్బలూ లేవు, గుడ్డూ లేదు. గంగులప్పని పిలవలే, పెద్దమనుసుల్ని అడగలే. "బండి కట్టండిరా, బిరీన కట్టండి, నా బిడ్డ సచ్చిపోతాడు!" వాణ్ణి ఒళ్ళో పండుకోబెట్టుకోని, తానే ములుగర్ర పట్టి ఎద్దుల్ని పొడిసింది. పోతా పోతా "నిన్ను జైల్లో ఏపిస్తానే ముండా" అని అరిసింది. పొద్దు వాలకముందే వాడు ఆసుపత్రిలో ఉండినాడు. కడిగినారు, సూదులేసినారు. వాని కాలు నిలిచింది.

ఆ బండి మా ఇంటి ముందర్నే పోయింది. నా మొగుడు అరుగు మింద కూర్సోనుండాడు. నేను గడారి ఈడ్సుకుంటా వచ్చేలోపల బండి మలుపు తిరిగింది.

"సుబ్బులూ, అమ్మ ఆసుపత్రికేనా పోయింది?"

"ఊ."

"పోలీసులడగతారని అనలేదా?"

"అనలా."

మోకాలు లేని తొడ మింద రెండు సేతులూ పెట్టుకోని ఏడ్సినాడు. కాలు కోసినప్పుడు గూడా అట్ల ఏడవలే. సంకకింద పెట్టుకోని నడిసే కర్రతో ఆ అరుగుని కొట్టినాడు, సున్నం పెళ్ళలు లేసిపోయేదాకా కొట్టినాడు. నేను ఆపలా.

పోలీసులు వచ్చేదాకా కూర్సోడమెందుకని నేనే లేసి పాకాల టేషనుకి పోయినా.

"మునెయ్య కాలు ఇరగ్గొట్టింది నేనే. రాసుకోండి" అన్నా. రైటరు నన్ను ఎగాదిగా సూసి కాయితం తీసినాడు. "దానికి ముందు ఇంకొగ దెబ్బ ఉండాది సార్. దాన్ని ముందు రాయండి."

"ఎవురికి తగిలింది? సాక్షి ఎవురు?" అన్నాడు.

వాకిలికాడ కర్ర సప్పుడైంది. తిరిగి సూస్తే నా మొగుడు. ఉన్న ఒగ బండీ మా అత్త తీసకపోయింది గదా, పల్లె నుంచి ఆ ఒంటికాలి మిందే నడిసి వచ్చినాడు. సంకల్లో తోలు లేసిపోయి సొక్కా రగతమయింది. గోడ పట్టుకోని రొప్పతా లోపలికొచ్చినాడు.

"జారి పడినానని రాయించింది నేనే సార్. అది అబద్దం" అన్నాడు. "కొట్టింది నా తమ్ముడు. ఆసుపత్రికి పోనీకుండా కాలు కుళ్ళబెట్టింది మా అమ్మ. రెండు పేర్లూ రాసుకోండి."