చెదరని పాచి

నాలుగేళ్ళ సుంకమ్మ కనిపించడం లేదు. బొమ్మనహళ్ళిలో కడుతున్న మేడ వెనక, పునాదికని తవ్వి వదిలేసిన గుంత తొంభై ఎనిమిదో సంవత్సరం వానలకు నిండిపోయి, పైన దట్టంగా పాచి పట్టింది. ఆ గట్టు మీద పాప చెప్పు ఒకటే పడి ఉంది.

తండ్రి రామాంజి తాపీ కింద పడేసి పరుగెత్తుకొచ్చి, గుంతను తేరిపార చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"పాచి యాడా చెదరలేదు, సూడు. బిడ్డ పడింటే ఆడ నీళ్ళు కనపడవా? ఈడే యాడో ఆడుకుంటా ఉంటాది."

తల్లి ఓబులమ్మ ఆ మాట నమ్మలేదు. జన్మలో ఒక్క కడవ నీళ్ళు మోసిన మనిషి కాదు ఆయన. పెళ్ళికి ముందు ఆమె రోజూ దిగుడుబావిలోకి దిగి, కడవ అడుగుతో పాచిని పక్కకు తోసి నీళ్ళు ముంచుకునేది. కడవ నడుముకెత్తుకునేలోగా పాచి మళ్ళీ కమ్ముకునేది.

ఆమె కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంతలోకి కాలు పెట్టింది.

"అమ్మా!"

ఇసుక కుప్ప పక్కనున్న సిమెంటు తూములోంచి సుంకమ్మ కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చింది.

"సెప్తి కదా, పాచి చెదరలేదని!" రామాంజి నవ్వాడు.

ఓబులమ్మ గట్టెక్కి, పాపను గట్టిగా చంకనేసుకుని, ఒక ఇటుక తీసి గుంతలోకి విసిరింది. పాచి చీలి నల్లటి నీళ్ళు కనిపించాయి. రామాంజి చూస్తుండగానే అది నలువైపుల నుంచీ జరిగొచ్చి మూసుకుపోయింది.

"ఇప్పుడు సెప్పు," అంది ఓబులమ్మ. "ఇటుక యాడుండాది?"