శాంతయ్య చెప్పని సాక్ష్యం

మార్కాపురం పలకల గనుల్లో రాయి చీల్చే శాంతయ్యకు అబద్ధమాడటం చేతకాదు. చేతనై ఉంటే ఈ కథే లేదు.

జపాను లొంగి యుద్ధం ముగిసిన ఏడాది, మూత్రం ఆగిపోయి చావుదాకా పోయిన ఆయన్ని మిషను ఆస్పత్రిలో పొట్ట కోసి, మూత్రసంచి కింద ఉబ్బిన గడ్డ తీసి బతికించారు. కోత మానింది. మూత్రం సాఫీగా వస్తోంది. సంగటి మునుపటిలా దిగుతోంది. ఇక ఆనవాయితీ ప్రకారం ఆదివారం గుడిలో లేచి, ప్రభువు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెప్పాలి. పల్లె పల్లెంతా ఆయన కోసం ఉపవాసముండి ప్రార్థన చేసింది మరి. కరుణాకరం అయ్యగారు వారం వారం ప్రసంగం ముగించి ఆయన వైపు చూస్తారు. శాంతయ్య తను కూర్చున్న చాప వైపు చూసుకుంటాడు.

ఎందుకంటే, ఒంట్లో ఒకటి తిరిగి రాలేదు. అది రాకుండానే బాగయ్యానని దేవుడి ముందు ఎలా చెప్పడం? విత్తులు కొట్టించిన ఎద్దుకూ తనకూ తేడా ఏముందని లోలోపల కుమిలిపోయాడు. భార్య మగ్దలీనమ్మ పక్కన చేరితే గోడ వైపు తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఆముదం గిన్నె తెచ్చుకుని కూర్చుని అడిగేసింది.

“నీ మొగుడికి దేవుడి మీద అలకా అని అయ్యగారు నన్నడగతన్నాడు. ఏం చెప్పమంటావు?”

“సగం బాగైనోడు ఏమని చెప్తాడే? ఆ సగం సంగతి నీకు తెలవదా?”

“తెలవకేం. ఆ గోడకు తెలిసినంత నాకూ తెలుసు. ముందు దాని పక్కకు తిరిగేది మానుకో. నేనేం అడగను. ఊరికే ఉండు నా పక్కన.”

ఆమె మాట మీద నిలబడింది. వీపుకు ఆముదం రాస్తూ, చుట్టాలందరినీ పేరుపేరునా వెక్కిరిస్తూ నవ్వించేది. ఏమీ కాని రోజున కానేలేదన్న ఊసే ఎత్తకుండా లేచి జొన్నలు చెరుగుకునేది. వేసవి పోయి వానలు పడ్డాయి. ఒక ముసురు మధ్యాహ్నం, నవ్వుల మధ్యనే, శాంతయ్యకు పోయిందనుకున్నది మేలుకుంది.

అంతా అయ్యాక గాబరాగా లేచి కూర్చున్నాడు. “ఏందే ఇది? సుఖమైతే ఉంది గానీ చుక్క రాలేదే.”

“రాకపోతే పోయె. మనవళ్లనెత్తే వయసులో నీకింక ఉయ్యాల కట్టాల్నా?” అంది మగ్దలీనమ్మ, పడీపడీ నవ్వుతూ.

ఆ ఆదివారం శాంతయ్య లేచి నిలబడ్డాడు. గుడి అంతా చెవులు రిక్కించింది. “ప్రభువు నన్ను...” అన్నాడు. ఆపైన నోరు పెగల్లేదు. ఎలా పెగులుతుంది, పాపం. అప్పుడు ఆడవాళ్లలోంచి మగ్దలీనమ్మ కొంగు సర్దుకుంటూ లేచింది.

“పూర్తిగా బాగైనాడు అయ్యగారూ. నేను చెప్తన్నా.”

ముసలమ్మలు చప్పున నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారికి మాత్రం స్తోత్రగీతం సగం పాడాక గానీ అర్థం కాలేదు.

ఇంటి దారిలో శాంతయ్య తలెత్తలేదు. “పదిమందిలో పరువు తీసినావు గదే. నా ప్రార్థన ఫలించిందని ఎట్లనో నేనే చెప్పుకుందును.”

ఆమె ఆగింది. ఈసారి నవ్వలేదు.

“నీ ఒక్కడి ప్రార్థనే అనుకున్నావా? నువ్వు అటు తిరిగి పండుకున్నన్నాళ్లూ నేనెంత అడుక్కున్నానో ఆయనకు తెలుసు. నాకు మాత్రం ఆశ ఉండదా?”

శాంతయ్యకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ పోయింది తన ఒక్కడి సొత్తే అనుకున్నాడు. నడిబజారన్న వెరపు లేకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.