పెరుగన్నం పిల్లి

పిల్లిపిల్ల చిక్కిపోతోందని మొదట కనిపెట్టింది నేను కాదు, మా పాప. దాని వీపు నిమురుతూ, "అమ్మా, దీని లోపల పుల్లలుండాయి" అంది. చెయ్యి పెట్టి చూశాను. వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. పొట్ట మాత్రం ఉబ్బి గుండ్రంగా ఉంది. అంతవరకూ ఆ పొట్టనే చూసి, బాగా తింటోందిలే అనుకుంటూ వచ్చాను. ఆ తర్వాత నీళ్ళు పోస్తూ పాప పక్కటెముకలు కూడా తడిమి చూసుకున్నాను.

పిల్లిని ఇంటికి తెచ్చుకుందామని పట్టుబట్టింది నేనే. ఉరవకొండలో మాది కిరాణా అంగడి. వెనక గోదాములో శెనక్కాయల మూటల సందున ఒక పిల్లి పిల్లలు పెట్టింది. "ఇంకా తల్లి పాలు తాగుతాండాయి, ఉండనీ" అన్నాడు మా ఆయన అశోక్. పాప ఏడుస్తోందని నేను ఆయన మాట వినకుండా ఒకదాన్ని తెచ్చేశాను. తల్లి దగ్గరే ఉంటే దాని బతుకు అది బతికేది.

మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదు. మేము తినేదే దానికీ పెట్టాను. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం పాప వదిలేసిన పాలు. చిక్కిపోయిందని తెలిశాక ఇంకా ఎక్కువ పెట్టాను. పెట్టేకొద్దీ విరేచనాలు పట్టుకున్నాయి. నేను తోక కింద తుడుస్తుంటే కదలకుండా నిలబడేది. గీరినా బాగుండేది అనిపించేది నాకు.

మామగారు భోజనానికి లోపలికి రాగానే నేను అంగట్లోకి పోయి, తక్కెడలో దాన్ని పెట్టి తూచేదాన్ని. ఆ తక్కెడకు మా అత్తగారు సుమిత్రమ్మ ప్రతి శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టి దండం పెడుతుంది. అందులో పిల్లిని కూర్చోబెట్టడం తప్పని తెలుసు. ఆ వయసు పిల్లి ఎంత తూగాలో మాత్రం తెలియదు. ఎనిమిదో తరగతిలో నన్ను బడి మాన్పించారు. బడిలో ఇవన్నీ చెప్పరు గాని, ఏది తెలియకపోయినా నాకు మానేసిన ఆ బడే గుర్తొస్తుంది. ఎన్నిసార్లు తూచినా అవే రాళ్ళు సరిపోయేవి. పెరగాల్సిన పిల్ల పెరగడం లేదు.

ఒకరోజు అలా తూస్తుండగా బయమ్మ వచ్చింది. మా పెరటి గోడకు అవతలి ఇల్లు ఆమెది. రైతు మనిషి.

"ఏమమ్మా హరితమ్మా, పిల్లిని కూడా కేజీల లెక్కన అమ్ముతాండారా ఇప్పుడు?"

"మెల్లగా అక్కా! మామ లోపలే ఉండారు."

"యాడ చూసినా ఎముకలే. ఏం పెడతాండావు దీనికి?"

"ఏం తక్కువ చేసినానక్కా? పాలు, పెరుగన్నం... మొన్న నెయ్యి కూడా ఏసినా."

బయమ్మ పగలబడి నవ్వింది. "సరిపోయింది! ఇంక ఏకాదశి ఒక్కటే తక్కువ. అది కూడా ఉండమను." నవ్వుతూనే పిల్లి నోరు తెరిచి చూపింది. "ఈ పండ్లు చూడు. సూదుల మాదిరి ఉండాయి. పెరుగన్నం తినేదానికేనా ఇవి? కౌసు తినే జీవమమ్మా ఇది. మాంసం లేకుంటే గుడ్డన్నా పెట్టల్ల. ఆ పొట్ట బలుపు కాదు, పురుగులు. పశువుల ఆస్పత్రిలో మందిస్తారు. పాలు ఆపి నీళ్ళు పెట్టు."

"మా ఇంట్లో గుడ్డా అక్కా?"

"మీ ఇంట్లో పిల్లి సస్తాండాది మరి."

బెల్లం కట్టించుకుని ఆమె వెళ్ళిపోయింది. నేను తక్కెడ తుడుస్తూ నిలబడిపోయాను. ముందు నిండు గిన్నె పెట్టి మరీ ఇన్నాళ్ళూ దాన్ని మాడ్చింది నేనే.

పురుగుల మందు అశోక్ చేత తెప్పించాను. గుడ్డు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బయమ్మ చేనికి పోయేముందు గుడ్డు ఉడకబెట్టి, ఒలిచి, ఆకులో చుట్టి గోడ మీద పెట్టేది. "తీసుకో తల్లీ, పాపమంతా నాకే రానీ" అని నవ్వేది. స్నానాల గది వెనక కూర్చుని, మెదిపి, రోజంతా కొంచెం కొంచెంగా పెట్టేదాన్ని. ఆ చేతులతో వంటింట్లోకి పోవడానికి మనసొప్పక మళ్ళీ నీళ్ళు పోసుకునేదాన్ని. ఆ ఏడు వానల్లేవు. ట్యాంకరు వచ్చిననాడే నీళ్ళు.

"ఏమే హరితా, పొద్దున పోసుకుంటివి కదా? మళ్ళీ ఏమిటికి?" అంది అత్తగారు.

"చెమట పట్టింది అత్తా."

"ఊరంతా పడతాండాది చెమట. నీళ్ళు యాడుండాయే?"

మరునాటి నుంచి రెండు చెంబులతో సరిపెట్టుకున్నాను. అబద్ధం మాత్రం మానలేదు.

కొన్నాళ్ళకు తక్కెడ పళ్ళెం కిందికి దిగింది. ఇంకో చిన్న రాయి వేయాల్సి వచ్చింది. వీపు మీద కాస్త మెత్తదనం వచ్చింది. పాప కాళ్ళకు అడ్డం పడుతూ పరుగెత్తడం మొదలుపెట్టింది. ఇంకొంచెం పెరిగితే చాలు, ఇంక గండం లేదు అనుకున్నాను.

ఒకనాడు గుడ్డు ముక్క పెట్టి, పాప పిలిస్తే ఇటు తిరిగాను. పిల్లి ఆ ముక్కను నోట కరుచుకుని, ఎవరూ లాక్కోని చోటు వెతుక్కుంటూ, నేరుగా వంటింట్లోకి పోయింది. నేను గడప దగ్గరికి చేరేసరికి నీళ్ళ బిందెల సందులో కూర్చుని తింటోంది. పచ్చసొన నేల మీదంతా రాలింది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి చూస్తోంది.

ఆమె అరవలేదు. కుచ్చెళ్ళు ఎగదోపి, బిందె ఎత్తి పెరట్లో ఒంపేసింది. వచ్చి ఇంకోటి ఎత్తింది. పొద్దున ట్యాంకరు దగ్గర ఎండలో నిలబడి ఆమే మోసుకొచ్చిన నీళ్ళు. వద్దత్తా అనబోయాను. ఆమె ఆగలేదు. బిందెలన్నీ ఖాళీ అయ్యాక నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"శానా దినాలాయ. సచ్చిపోతాండె అత్తా. నేను పెట్టిన పెరుగన్నమే దానికి పడలే."

"నాకు చెప్పల్ల కదా?"

"మీరు ఒప్పుకోరని..."

"ఈడ పెట్టేదానికి ఒప్పుకోను. సంపమంటానా? బయమ్మ ఇల్లు గోడవతలే కదా ఉండేది? మొదటినాడే ఆడ ఇడిసిపెట్టి రమ్మందును. దాని కడుపు నిండేది. నువ్వు అబద్ధాలాడే పనీ తప్పేది."

ఆ దారి నాకు తోచకపోలేదు. పిల్లి మా ఇంట్లోనే, నా చేతుల మీదుగానే బాగుపడాలని ఉండింది నాకు. నేను చెరిపింది నేనే బాగుచేశానని అనుకోవాలని ఉండింది. ఆ ముచ్చట కోసం ఒక ముసలామె మోసిన నీళ్ళు పెరటి మట్టిలోకి ఇంకిపోతున్నాయి.

ఎండ తగ్గాక దూరంగా ఉన్న బోరింగు దగ్గర వరుసలో నిలబడి, బిందెలన్నీ నేనే మోసి నింపాను. తర్వాత పిల్లిని కొంగులో పెట్టుకుని బయమ్మ ఇంటికి పోయాను. పాప వెక్కుతూ వెంట వచ్చింది.

"ఇచ్చేస్తాండావా?" అంది బయమ్మ.

"ఇంకా పూర్తిగా కోలుకోలే అక్కా. ఒక్కసారే శానా పెట్టొద్దు, రోంత రోంత పెట్టు. పాలు పొయ్యొద్దు."

"నాకే చెప్తాండావే!" అని నా మొహం చూసి నవ్వు ఆపుకుంది. "సరేలేమ్మా. అట్లే పెడతా."

ఉప్పూకారం వేయకుండా ఉడికించిన కోడి ముక్కను చీల్చి మూకుడులో వేసింది. పిల్లి నా కొంగులోంచి దూకి అందులో తల పెట్టింది. తింటూ తింటూ గుర్రుమంటోంది. మా ఇంట్లో అది ఆ చప్పుడు ఎప్పుడూ చేయలేదు.

"దీన్ని తీసుకోని ఇంటికి పోదాం పా అమ్మా" అని పాప నా చెయ్యి లాగింది.

పిల్లి తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే దానికి మంచిది. అయినా, ఒక్కసారి చూస్తుందేమోనని ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.