ఎండు కట్టెకి నీళ్ళు పోసిన కుండ

నేను ఒక మట్టి కుండని. అలాగని తాగేనీళ్ళ కుండో, వంటకుండో అనుకోకండి. తోటకి నీళ్ళు పోసే కుండని. నా అడుగంతా జల్లెడ. మెడ సన్నం, మూతి అంటే పైన ఒక్క చిన్న కన్నం. తొట్టిలో ముంచితే నీళ్ళు అడుగునుంచి లోపలికి ఎక్కుతాయి. పైకన్నాన్ని బొటనవేలితో మూసి ఎత్తితే చుక్క కారదు. వేలు తీస్తే సన్నటి వాన. నిన్నగాక మొన్న లేచిన మొలక నెత్తిన పడ్డా దానికి నొప్పి తెలియదు. అడుగున అన్ని చిల్లులు పెట్టుకుని కూడా నీళ్ళు ఆపుకున్నదాన్ని, ఈ మాటలు మాత్రం ఆపుకోలేకపోతున్నాను.

ఇది యూరప్‌లో, సన్యాసుల మఠాలు వెలుగుతున్న రోజుల నాటి సంగతి. నన్ను చేసింది కొండకింద ఊళ్ళో ఉండే గిజెలా అనే కుమ్మరామె. గడ్డిపుల్లతో నా అడుగున చిల్లులు పొడుస్తుంటే పక్కన ఉయ్యాల్లో ఆమె కూతురు ఇడా ఒకటే ఏడుపు. ఒక చిల్లు పొడవడం, ఒకసారి ఉయ్యాల ఊపడం. అందుకే నా చిల్లులు ఒక వరసలో ఉండవు. పిల్లతల్లి చేతిపని అంతే. ఒక చెయ్యి ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటుంది.

నేను కొండమీది మఠానికి చేరాను. తోటపని చూసే బ్రదర్ ఓట్మార్ చేతిలో పడ్డాను. పెద్ద చేతులు, చిన్న గొంతు. ఎవరేం చెప్పినా "సరే" అనే మనిషి. నా బాధంతా ఆ సరేతోనే.

తోట గురించి చెప్పాలి మీకు. సన్యాసులంటే అడవిలో కళ్ళు మూసుకుని కూర్చుంటారనుకుంటాం గానీ, వీళ్ళకి తోట లేకపోతే పొద్దు గడవదు. వంటింటి వెనక ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ. గుడిలోకి గులాబీలు, లిల్లీలు. మఠంలో పోయినవాళ్ళని పూడ్చే చోటే పళ్ళచెట్లు. "ఈ ఏడు బ్రదర్ అన్సెల్మ్ దగ్గరి ఆపిల్ తియ్యగా కాసింది" అంటూ లొట్టలేసేవాళ్ళు. బతికున్నప్పుడు ఆయన మహా పులుపు. గేటు పక్కన మందుమొక్కల మళ్ళు, ఒక్కో మడికి ఒక్కో మొక్క. సదాపాకు, సోంపు, పుదీనా, మెంతి, దగ్గుకి హిస్సోపు. ఊళ్ళో జబ్బు చేసినవాళ్ళు గేటు దగ్గరికొస్తే ఓట్మార్ ఆకు కోసి ఇచ్చేవాడు. వైద్యుడున్నా, మంత్రసాని ఉన్నా, ఆఖరికి అందరూ వచ్చేది ఆ గేటు దగ్గరికే.

నేను వచ్చిన నాలుగో చలికాలం మంచుకి పాత హిస్సోపు దుబ్బులన్నీ చచ్చాయి. ఓట్మార్ కొత్తగా విత్తనం వేశాడు. మొలకలు లేచాయి. వాన మాత్రం ముఖం చాటేసింది. బావిలో నీళ్ళు అడుగుకి పోయాయి. సరిగ్గా అప్పుడే మఠానికి కొత్త పెద్ద వచ్చాడు, ఫాదర్ లాంబర్ట్. పట్నంలో చదివినవాడు. ఓట్మార్ ఆయనతో అన్నది ఒక్క మాట: "ఫాదర్, గులాబీల కన్నా ముందు మందుమొక్కలకి పోద్దామా?"

అంతే. ఎదురు చెప్పాడని ఫాదర్‌కి కోపం. మర్నాడు ఆయన విరిగిన పారకర్ర ఒకటి తెచ్చి గేటు లోపలి వాకిట్లో పాతాడు. పూర్వం ఎడారిలో ఒక సన్యాసి గురువు చెప్పాడని ఎండు కట్టెకి ఏళ్ళ తరబడి నీళ్ళు పోశాడట. విధేయత అంటే అది అన్నాడు. "పొద్దునా సాయంత్రం ముందు దీనికి పొయ్యి. మిగిలితే తక్కినవాటికి. నేను చాలనేదాకా."

ఓట్మార్ సరే అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బావి గీరి గీరి తోడిన నీళ్ళు. నేను వాన కురిపిస్తాను, ఆ కట్టె తాగదు, కిందున్న రాళ్ళు తాగుతాయి. అవతల మొలకలు తలలు వాల్చేస్తున్నాయి. ఓట్మార్ కట్టె ముందు నిలబడి పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటాడు, కళ్ళు మాత్రం మడి వైపే. నాకే గనక చేతులుంటే వాటిని ఆయన భుజాల మీద వేసి ఒక్క ఊపు ఊపేదాన్ని.

ఇంతలో గిజెలా వచ్చింది, ఇడాని భుజానేసుకుని. ఉయ్యాల్లో ఏడ్చిన పిల్ల ఇప్పుడు నాలుగేళ్ళది. కోరింత దగ్గు. మొదలైతే ఆగదు. ముఖం ఎర్రబడి, నీలంగా తిరిగి, చివర్న ఊపిరి లోపలికి లాగితే కోడిపుంజు కూసినట్టు శబ్దం. ఆ శబ్దం వచ్చేదాకా గిజెలా కూడా ఊపిరి పీల్చేది కాదు.

ఓట్మార్ ఆ హిస్సోపు మొలకల్లోంచే గుప్పెడు ఆకు గిల్లి ఇచ్చాడు. "తేనెలో కాచి పట్టు తల్లీ. ఇంతకన్నా లేదు. మడి ఎండిపోతోంది."

ఆమె ఆకు తలగుడ్డ కొసలో కట్టుకుంటూ వాకిట్లోకి చూసింది. "అదేం చెట్టయ్యా? పొద్దున ఇటు పోతున్నప్పుడూ దానికే పోస్తున్నారు."

"చెట్టు కాదమ్మా. కట్టె."

"కట్టెకి నీళ్ళా?"

"ఫాదర్ గారి ఆజ్ఞ."

గిజెలా పిల్ల వీపు రాస్తూ నిలబడింది. "మా ఇంట్లో విరిగిన చీపురుకర్ర ఉంది. అదీ తెస్తాను, పక్కన పాతండి. రెండూ కలిసి పెరుగుతాయి."

ఓట్మార్ చెవులు ఎర్రబడ్డాయి. "అలా అనకు తల్లీ. నేను మాటిచ్చిన మనిషిని."

"నేను పిల్లని కన్నదాన్నయ్యా. ఈ దగ్గు నెలల కొద్దీ ఉంటుందంట, ఈ గుప్పెడు ఆకు రేపటికే అయిపోతుంది. ఎల్లుండి నేనేం పట్టాలి దీనికి?" అని, ఏదో తట్టినట్టు ఆగింది. "కట్టెకి నీళ్ళు పొయ్యమన్నారు. సరే. కట్టె అక్కడే ఉండాలన్నారా?"

"ఆయనే పాతారు."

"పాతింది ఆయనే. కదపొద్దన్నారా?"

ఓట్మార్ కట్టె వైపు తిరిగాడు. ఇంత చిన్న సంగతి అంత పెద్ద బుర్రకి అన్నాళ్ళూ తట్టలేదే అని నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అయినా వెంటనే చేశాడా? లేదు. ఇది మోసమవుతుందా, పాపమవుతుందా అని తల పట్టుకుని కట్టె చుట్టూ తిరిగాడు. ఆఖరికి గేటు అవతల ఇడా మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. కూత ఎంతకీ రాలేదు. వచ్చాక ఆయన కట్టె పీకాడు. తీసుకెళ్ళి హిస్సోపు మడి మధ్యలో గుచ్చాడు. నన్ను ముంచి, కట్టె మీద పోశాడు. చుట్టూ మొలకలన్నీ తడిశాయి.

గిజెలా రోజూ ఇంత ఆకు పట్టుకెళ్ళేది. లేత కొమ్మలు కనబడ్డాయి. ఒక పొద్దున ఫాదర్ లాంబర్ట్ వాకిట్లో ఖాళీ గుంట చూశాడు. వెతుక్కుంటూ మడి దగ్గరికొచ్చాడు. ఓట్మార్ నన్ను కింద పెట్టి, వాళ్ళ ఆచారం ప్రకారం తప్పు ఒప్పుకునేవాడిలా నేలమీద బోర్లా పడుకున్నాడు.

"ఎవరు కదపమన్నారు?"

"ఎవరూ వద్దనలేదు ఫాదర్. ఆజ్ఞ తప్పలేదు. రెండుపూటలా పోశాను."

ఫాదర్ కట్టె మీద చెయ్యి వేశాడు, పీకేయడానికే. అప్పుడే గేటు అవతల దగ్గు అందుకుంది. ఆయన ఎప్పుడూ గుళ్ళోనే ఉండే మనిషి, ఆ దగ్గు ఎప్పుడూ విన్లేదు. చెయ్యి కట్టె మీదే ఉంది. దగ్గు ఆగింది. కూత రాలేదు. ఆయన ముఖంలో రంగు పోయింది. తర్వాత కూత వచ్చింది.

"ఎవరు?"

"కుమ్మరామె కూతురు ఫాదర్. ఈ ఆకు ఆ పిల్లకే."

ఆయన కట్టె వదిలేశాడు. తెల్లబట్ట దులుపుకున్నాడు. "లేచి నీళ్ళు పొయ్యి. కట్టె ఎండిపోతోంది" అని వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. హిస్సోపు ఏపుగా పెరిగి కట్టెని కమ్మేసి నీలంగా పూసింది. చూసిన సన్యాసి ఒకడు విధేయత వల్ల ఎండుకట్టె పూసిందన్నాడు. జనం రావడం మొదలైంది. కట్టెని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. పక్కనే తడిగా ఉన్న నన్ను ఎవరైనా అడిగితే కదా. ఆ చలికాలం నన్ను బయట తొట్టిలోనే మర్చిపోయారు, లోపల నీళ్ళు గడ్డకట్టి రెండుగా పగిలాను. ఇప్పుడు ఆ తోట కాలువ అడుగున పెంకులుగా ఉన్నాను. మఠానికి పైకప్పు కూడా లేదు.

పగలక ముందు చూసిందొకటి చెప్తాను. జనం వరసలో గిజెలా కూడా వచ్చింది, ఆకు కోసం. ముంతలోంచి ఇడాకి కషాయం పడుతోంది.

"అమ్మా, ఆ కట్టె నిజంగా పూసిందా?"

"పూసిందేమోలే. నోరు తెరువు, ఇంకో గుక్క ఉంది."

ఇడా తాగింది. గిజెలా ముంత అలాగే పట్టుకుని దాని ముఖంలోకి చూస్తూ నిలబడింది, దగ్గు వస్తుందేమోనని. వెనకున్నవాళ్ళు ముందుకి జరగమన్నారు. ఆమె జరగలేదు. దగ్గు రాలేదు.