తొమ్మిదో చుక్క

ఆరో చుక్క పడింది. చుక్కలాయన గాజు గొట్టానికి మూత పెట్టి, బొటనవేలితో అదిమి, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, తెల్ల టైలు ముందు పట్టుకుని చూశాడు. ఏడు. మళ్ళీ తిప్పాడు. ఎనిమిది. నీలం పోయి పసుపు తిరిగింది.

"మళ్ళీ ఎనిమిదే! మొన్న పోసిన సోడా అంతా ఏం చేశారర్రా, తిండిపోతుల్లారా?" అని తొట్టిలోకి చూసి కసిరాడు. చేపలు పట్టించుకోలేదు.

ఉప్పునీళ్ళ తొట్లలో పగడాలు పెంచుకునే ఇళ్ళు ఆ ఊళ్ళో ఐదున్నాయి. ఐదింటికీ ఆయనే దిక్కు. పగడం చూడ్డానికి రాతికొమ్మలా ఉంటుంది గానీ, ప్రాణమున్న జీవి. నీళ్ళలో ఉండే సున్నాన్నీ క్షారాన్నీ తీసుకుని తన ఇల్లు తనే కట్టుకుంటుంది. క్షారం తగ్గిందా, పెరగదు. ఎక్కువైందా, చివర్లు కాలినట్టు తెల్లబడిపోతాయి. అందుకని వారానికోసారి తొట్టి నీళ్ళు కాసిని గొట్టంలో పోసి, సీసాలో మందు ఒక్కో చుక్కే వెయ్యాలి. మొదటి చుక్కకి నీళ్ళు నీలమవుతాయి. ఆ నీలం ఎన్నో చుక్కకి పసుపవుతుందో అదే లెక్క. తొమ్మిదొస్తే భేషు. తగ్గితే వంటసోడా కలిపిన నీళ్ళు కాస్త పొయ్యాలి. అంతే విద్య. కాకపోతే ఆ రంగు మారే క్షణాన్ని పట్టుకునే కన్నుండాలి.

ఆ కన్ను తనకుందని ఆయన గట్టి నమ్మకం. ఊరికే వచ్చిన నమ్మకమా? కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్కేళ్ళు అటెండరుగా చేశాడు. గాజు సామాను కడగడం, సీసాలు నింపడం, పగిలినవి ఊడవడం ఆయన ఉద్యోగం. కానీ పరీక్ష రోజున పిల్లలందరి చూపూ ఆయన మీదే ఉండేది. రంగు మారే చుక్క దగ్గరికి రాగానే ఆయన వెనక నిలబడి చిన్నగా దగ్గేవాడు. దగ్గు వినపడితే చెయ్యి ఆపెయ్యాలి. ఆ దగ్గు పుణ్యాన గట్టెక్కినవాళ్ళు ఇవాళ పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నారు. రిటైరైన రోజు ఏం కావాలో కోరుకోమంటే, మూల విరిగిన తెల్ల టైలొకటి అడిగి తెచ్చుకున్నాడు. గాజు వెనకాల తెలుపుంటే రంగు అబద్ధమాడదని ఆయన సిద్ధాంతం.

పేరు సంగతికొస్తే, చుక్కలాయన అనగానే కొత్తవాళ్ళు ఇంకో రకం చుక్క అనుకుని ముఖం అదోలా పెట్టేవాళ్ళు. ఇంటావిడకి ఆ పేరంటే ఒళ్ళుమంట. ఆయనకి మాత్రం అది బిరుదు.

పళ్ళ డాక్టరుగారింట్లో సోడా నీళ్ళు పోసి, మూత బిగించి, చెయ్యి తుడుచుకుంటుంటే డాక్టరుగారి తల్లి వచ్చి నిలబడింది.

"చివర్లు తెల్లగా అవుతున్నాయేం నాయనా?"

"దీపం మరీ కిందికుందమ్మా. కాస్త పైకి జరుపుతా," అన్నాడు. జరిపాడు కూడా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూడు వారాలుగా ఆయన దీపాల్నీ ఉప్పునీ చేపల్నీ వరసగా తిడుతూ వస్తున్నాడు. అయితే ఆయనకి మటుకు అది వంక అని తెలీదు, పాపం.

స్కూటరు ఎక్కాక పొద్దుటి గొడవ గుర్తొచ్చింది. స్నానానికి వెళ్తూ, "ఆ ఆకుపచ్చ తువ్వాలిలా ఇవ్వు," అన్నాడు.

"మనింట్లో ఆకుపచ్చ తువ్వాలెక్కడేడిసింది? ఇది నీలం," అంది ఇంటావిడ. "కళ్ళు చూపించుకోమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. వింటేనా!"

"కంట్లో కత్తి పెట్టించుకోమంటావు, అంతేగా?"

"పెట్టించుకుంటే నేనెంత బాగుంటానో అప్పుడైనా కనపడుద్ది."

ఆవిడ మాటకి నవ్వుకుంటూ రెండో ఇంటి ముందు స్కూటరాపాడు.

ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన చొక్కా గుండీ సరిచూసుకుంటాడు. మిగతా నాలుగూ పనిచేసే ఇళ్ళు, ఇది చుట్టాలిల్లు. ఇంటాయన ఓడల్లో ఇంజన్లు చూసినవాడు. నాలుగు సముద్రాలు తిరిగి వచ్చి, ముందుగదిలో గోడంత తొట్టి కట్టుకుని, గోరంత ఊదారంగు పగడం ముక్కని రాతికి అంటించాడు. తొమ్మిదేళ్ళలో అది రెండు చేతుల్లో పట్టనంత గుబురైంది. రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాటా పోయింది. మిగిలింది ఒక్కటే మాట, "అదే." ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే, నవ్వొచ్చినా అదే. మంచం తెచ్చి తొట్టి ఎదురుగా వేశారు. ఇల్లాలు చుక్కలాయన్ని మొదటి రోజే అన్నయ్యా అని పిలిచింది. దాంతో ఇంజనీరుగారు బావగారైపోయాడు.

"ఏం బావగారూ, రాత్రి నిద్దరపట్టిందా?"

"అదే," అన్నాడు బావగారు. పట్టలేదని ముఖం చెబుతోంది.

ఇల్లాలు తలుపు దగ్గరే ఆపి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇంకా పైకి పాకింది అన్నయ్యా. ఆ మధ్య కొమ్మ మొత్తం సున్నం కొట్టినట్టుంది. పొద్దున కళ్ళు తెరవగానే ఈయన దాన్నే వెతుక్కుంటారు. దాన్ని చూశాకే నోరు తెరిచి మందు మింగుతారు. అది కాస్తా పోతే ఈ మనిషిని నేనెలా లేపాలి?"

చుక్కలాయన తొట్టి దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూశాడు. ఊదా గుబురులో తెల్లటి ముళ్ళు. పోయిన వారం ఏడు కొమ్మలకుంది, ఇవాళ పదిహేనుకి. 'క్షారం చాలక నీరసించింది తల్లి,' అనుకున్నాడు. ఇవాళ సోడా రెండింతలు పోద్దామని ముందే నిర్ణయించేసుకుని పెట్టె తెరిచాడు.

మంచం పక్క బల్ల మీద టైలు నిలబెట్టి చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఇంజనీరు తల తిప్పి ఎప్పట్లాగే గొట్టం వంకే చూస్తున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది.

"పసుపు తిరిగింది. ఎనిమిదే. అనుకున్నట్టే తగ్గింది," అని సోడా సీసా అందుకున్నాడు.

"అదే!" అన్నాడు ఇంజనీరు. మూడు వారాలుగా సోడా సీసా ఎత్తినప్పుడల్లా ఆయన అలాగే అంటున్నాడు, పొయ్యమంటున్నాడనుకుని చుక్కలాయన పోస్తున్నాడు.

"పోస్తున్నా, పోస్తున్నా. తొందరపడకండి."

"అదే! అదే!" ఈసారి అరిచాడు. ఎడమచెయ్యి ఎత్తి మంచాన్ని దబదబా కొట్టాడు. ఒంటి మీది దుప్పటి గుప్పెట్లో పట్టి లాగి గొట్టం వైపు ఊపాడు. ఇల్లాలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"దుప్పటి తియ్యమంటున్నారేమో. ఉక్కగా ఉందా బావగారూ?" అన్నాడు చుక్కలాయన.

ఇంజనీరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాల్సింది గొంతులో ఉంది, మాటేమో ఒక్కటే. దుప్పటి చూపిస్తాడు, గొట్టం చూపిస్తాడు, మళ్ళీ దుప్పటి చూపిస్తాడు.

ఇల్లాలు రెంటినీ మార్చి మార్చి చూసింది. "అన్నయ్యా, గొట్టంలో నీళ్ళు దుప్పటిలాగే నీలంగా ఉన్నాయంటున్నారు. ఉన్నాయి కదా మరి?"

"ఆ ఆకుపచ్చ దుప్పటా?" అన్నాడు చుక్కలాయన.

అని ఆగిపోయాడు. పొద్దుటి తువ్వాలు కళ్ళ ముందు ఆడింది.

సోడా సీసా కింద పెట్టేశాడు. మందు సీసా మళ్ళీ తీశాడు. "నేను వేస్తూ ఉంటా తల్లీ. పసుపయ్యాక చెప్పు." తొమ్మిది. లేదంది. పది. లేదు. పదకొండు, పన్నెండు. ఆయనకి ఎప్పుడో పసుపే. పదమూడో చుక్కకి ఇల్లాలు, "ఇప్పుడైంది," అంది. "అదే," అన్నాడు ఇంజనీరు మెత్తగా, దుప్పటి వదిలేసి.

పదమూడు! కంట్లో శుక్లం పొర కమ్మి నీలాన్ని మింగేసి, పలచటి నీలాన్ని పసుపుగా చూపిస్తుంటే, ఎక్కువైనదాన్ని తక్కువనుకుని వారం వారం సోడా గుమ్మరించాడు. ఆకలేస్తోందని కూరుతున్నది అరగక చచ్చేవాడికి. కంచే చేను మేసింది. చుక్కలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పు నాదే తల్లీ. దీపానిదీ కాదు, ఉప్పుదీ కాదు. నా కన్నే. నేనే చంపుతున్నాను దాన్ని."

ఇల్లాలికి కోపమొచ్చింది, ముఖంలో కనపడింది కూడా. "పోయిన వారం చేపల్ని తిట్టారు," అంది.

"తిట్టాను."

"పాపం, వాటి ఉసురు తగులుతుంది." అనేసి, ఆపుకోలేక నవ్వేసింది. ఇంజనీరు పెదవి కూడా ఒక పక్కకి సాగింది. ఎడమచెయ్యి చాపి చుక్కలాయన మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని చుక్కలాయనకి ఆ రోజే తెలిసింది.

"బతుకుతుందా?" అంది ఆవిడ.

"సోడా ముట్టుకోకండి. ఎక్కువైనదాన్ని అదే తిని తగ్గించుకుంటుంది. తొమ్మిదికి దిగితే గండం గడిచినట్టే." లేచి, తక్కిన నాలుగిళ్ళకీ అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. ప్రతి ఇంటికీ అదే మాట దాపరికం లేకుండా చెప్పాడు: సోడా పొయ్యొద్దు, తప్పు నాది. పళ్ళ డాక్టరుగారి తల్లికి, దీపం మళ్ళీ కిందికి దించమని కూడా చెప్పాడు.

తరవాత మంచం అంచున కూర్చుని బావగారికి కాలేజీ దగ్గు కథంతా చెప్పాడు. "ఇకమీదట చుక్క నాది, కన్ను మీది. పసుపు తిరగ్గానే మీరు దగ్గాలి. ఏదీ, దగ్గండి?" ఇంజనీరు దగ్గాడు. దగ్గుకి మాటతో పనిలేదు. శుభ్రంగా వచ్చింది.

వెళ్ళేముందు పెట్టె సర్దుకున్నాడు గానీ టైలు సర్దలేదు. అంతవరకూ దాన్ని ఆయన ఏ ఇంట్లోనూ వదిలి వెళ్ళింది లేదు. "ఇక్కడే ఉండనీ తల్లీ. వచ్చే వారానికి కన్ను కోయించుకుని వస్తా," అన్నాడు.

ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. కళ్ళాసుపత్రికి ఫోన్ చెయ్యమని తనే అడిగితే ఇంటావిడ నోరు తెరుచుకుని చూసింది. "నువ్వెంత బాగుంటావో చూడాలిగా," అన్నాడు. కాసేపు నడుం వాలుస్తాను, నాలుగింటికి లేపమన్నాడు. నీలం తువ్వాలు కళ్ళ మీద కప్పుకుని పడుకున్నాడు. నాలుగింటికి ఆవిడ టీ తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. నిద్రలోనే ఎప్పుడో వెళ్ళిపోయాడు. డాక్టరు గుండె అన్నాడు.

ఆ కబురు చెబితే ఇంజనీరు, "అదే," అన్నాడు. చాలాసేపు దాన్నే అంటూ ఉన్నాడు. ఇల్లాలికి అన్నీ అర్థమయ్యాయి, కూర్చుని ఏడ్చింది.

రెండు వారాల తరవాత, చుక్కలాయన ఇంటావిడ పంపిన పెట్టె తెరిచి ఇల్లాలే గొట్టంలో నీళ్ళు పట్టి, టైలు ముందు నిలబడి, అన్నయ్య చేసినట్టే బొటనవేలితో అదిమి తిప్పింది. తొట్టిలో తెల్ల కొమ్మల మొదళ్ళలో సన్నగా ఊదా రంగు ఎక్కుతోంది. ఏడు వేసింది. ఎనిమిది వేసింది. వెనక నిశ్శబ్దంగా ఉంది. తొమ్మిదో చుక్కకి మంచం మీంచి చిన్న దగ్గు వినపడింది.

ఆవిడ గొట్టం కడిగేసింది గానీ టైలు మాత్రం తియ్యలేదు. మూల విరిగిన ఆ తెల్ల టైలు మీద జారిపడిన మందు చుక్కొకటి ఇంకా ఆరకుండా ఉంది.